బస్సు తిరిగే చోట నిలబెట్టిన రాయి

ఈ మధ్య కాలేజీ చదువు ముగించిన పిల్లలు కొందరు పాత కోటలూ, పాడుబడ్డ బురుజులూ జనానికి చూపించే పని మొదలుపెట్టారు. మంచిదే. వాళ్ళలో ఇద్దరు ముగ్గురు ఇబ్రహీంపట్నంలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, "కాకా, నువ్వు పాత గైడువంట గదా, జర కిటుకులు చెప్పు" అని అడుగుతున్నారు. కిటుకులకేం, బోలెడున్నాయి. మైకు పెదవికి బెత్తెడు దూరంలో పట్టుకోవాలి. ఏడిపించే మాట చెప్పే ముందు ఒకసారి దగ్గాలి. భోజనం వేళ దాటనివ్వకూడదు. వీటి కంటే ముందు నేను ఒప్పుకోవలసినది ఒకటుంది. పూర్వం జరిగిన ఒక ఘోరాన్ని, మా బస్సు తిరగడానికి వీలుగా, కిలోమీటరు పక్కకు జరిపినవాణ్ణి నేను.

గైడు కాకముందు నేను ఆటోలో మైకు పెట్టుకుని మార్కెట్టంతా తిరుగుతూ కేకలు వేసేవాణ్ణి. కొత్త వెంచరు ప్రారంభమైనా, చీరల మీద తగ్గింపు పెట్టినా, ఎవరి మేకో తప్పిపోయినా ఇబ్రహీంపట్నానికి నా గొంతుతోనే తెలిసేది. ఆ గొంతు విని ఒక ట్రావెల్స్ ఓనరు పిలిపించాడు. ఆయన కోస్తా నుంచి వచ్చి బడంగ్‌పేటలో ఇల్లు కట్టుకున్న మనిషి. మాటకు ముందొక అండి, వెనకొక అండి. అప్పటిదాకా గుళ్ళకు బస్సులు నడిపేవాడు. గుళ్ళ దారిలో పోటీ ఎక్కువైంది కాబట్టి కొత్తగా ఏదైనా చూడాలని రజాకార్ల రోజుల్లో జనం చనిపోయిన ఒక ఊరికి స్మారక యాత్ర పెట్టాడు.

"మీకు చరిత్ర తెలుసాండి?" అని అడిగాడు.

"తెల్వదు సార్."

"మంచిదండి. తెలిసినవాళ్ళు చెప్పడం ఆపరు. బస్సు నాలుగింటికి వెనక్కి వచ్చేయాలండి."

అలా నాకు ఉద్యోగం దొరికింది. ఊరి పేరు మాత్రం రాయను. నా వల్ల ఆ ఊరికి జరిగింది చాలు.

బస్సు ఒక ఇంజనీరింగ్ కాలేజీ వదిలించుకున్నది. సీట్ల వెనక పిల్లలు గీసిన లెక్కలూ, ప్రేమలూ ఇంకా చెరగలేదు. దానికి ఉన్న పెద్ద జబ్బు, రివర్సు గేరు పడకపోవడం. ముందుకు ఎంత దూరమైనా పోతుంది, వెనక్కి మూరెడు రాదు. మా డ్రైవరన్న దాన్ని పదేళ్ళుగా ఎరుగును. ఎక్కడైనా గుండ్రంగా తిప్పుకునే జాగా ఉంటేనే అటు పోయేవాడు, లేకపోతే దేవుడు పిలిచినా పోయేవాడు కాదు.

మొదటిసారి ఖాళీ బస్సుతో దారి చూసుకోవడానికి వెళ్ళాం. సాగర్ రోడ్డు వదిలి లోపలికి మళ్ళాక, ఊరి శివార్లో గొర్లు కాస్తున్న ఒక పెద్దమనిషిని అడిగాం. ఆయన కర్రతో దూరంగా ఉన్న గుట్టను చూపించాడు. "గా గుట్ట కింద మోటబాయి ఉంటది. మోట కొట్టెటోళ్ళను బాయి గడ్డ మీదనే నిలవెట్టి కాల్చిండ్రు. మా నాయిన చెప్తుండె" అన్నాడు.

ఆ దారి ఎడ్లబండి పట్టేంతే ఉంది. డ్రైవరన్న దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు.

"అండ్లకు పోతే బండి మల్ల రాదు. నువ్వు ఎన్కకు నూకుతవా?"

"మరెట్లనే అన్నా?"

"గీడ కల్లం ఉన్నది గదా, మంచిగ తిరుగుతది. గీడనే జరిగిందని చెప్పు. సచ్చినోళ్ళు వచ్చి అడుగుతరా?"

రోడ్డు పక్కనే వడ్లు ఆరబోసే పెద్ద కల్లం. బస్సు దాని చుట్టూ పెళ్ళికొడుకులా ఒక చుట్టు తిరిగి మళ్ళీ రోడ్డెక్కింది. ఓనరుకు ఫోన్ చేసి సంగతి చెప్పాను. ఎంత దూరం తేడా అని అడిగాడు. కిలోమీటరు అన్నాను. "అన్నేళ్ళ నాటి సంగతిలో కిలోమీటరు ఎంతండీ!" అని ఫోన్ పెట్టేశాడు. అభ్యంతరం చెప్పడానికి నాకూ నోరుంది, ఊరంతా వినపడేంత నోరు. కానీ అప్పుడు అది పెగల్లేదు. నెల జీతం, మధ్యాహ్నం భోజనం ఉన్న ఉద్యోగం దొరికి వారమైనా కాలేదు.

యాత్ర బాగా నడిచింది. అసలు గుట్టు ఏమిటంటే, ఏడవడానికి వచ్చినవాళ్ళు ఎక్కడ నిలబెట్టినా ఏడుస్తారు. నేను కల్లం మధ్యలో నిలబడి చెయ్యి చాపి, "మీరు నిలబడిన ఈ నేల..." అనగానే జనం గబగబా రెండడుగులు వెనక్కి వేసి తమ కాళ్ళ కింద చూసుకునేవారు. ఆడవాళ్ళు కొంగు నోటికి పెట్టుకునేవారు. మగవాళ్ళు ఫోన్లు తీసేవారు. మొదట్లో చిన్న మైకు, చనిపోయినవాళ్ళు కొద్దిమంది. మైకు పెద్దదయ్యేకొద్దీ వాళ్ళ సంఖ్య కూడా పెరిగింది. ఎవరు చంపారన్న సంగతి, ఆ రోజు బస్సులో ఎవరున్నారో చూసుకుని కొంచెం మెత్తగానో కొంచెం గట్టిగానో చెప్పేవాణ్ణి. ఎక్కువ భాగం 'అమరులయ్యారు' అనేవాణ్ణి. ఆ మాటలో ఒక సుఖముంది. ఎవరో ఏదో చేశారని దాంట్లో ఎక్కడా ఉండదు.

తర్వాత రెండు నిమిషాల మౌనం. మా బస్సు ఇంజను ఆపితే మళ్ళీ పదిమంది తోయాలి. అందుకని డ్రైవరన్న ఆపేవాడు కాదు. ఆ ధడధడల మధ్యనే జనం తలలు వంచుకుని మౌనం పాటించేవారు.

నిజాం రాజ్యం ఇండియాలో కలిసిన నెల కాబట్టి, సెప్టెంబరు వస్తే మాకు పండగే. బ్యానరు ఒకటే, దాని మీద ఆ రోజు పేరు మాత్రం విడి గుడ్డముక్క. విలీనం అనే నాయకుడు వస్తే ఒక ముక్క, విమోచనం అనే నాయకుడు వస్తే ఇంకో ముక్క, ఏమనాలో పైనుంచి కబురు రాని నాయకుడైతే ఉత్త 'దినోత్సవం'. గుండుసూదులతో ఆ ముక్కలు మార్చడం నా పని. అలాంటి ఒక నాయకుడే కల్లం అంచున స్మారక శిల నాటించాడు. మా ఓనరు ఇంట్లో వంటగట్టుకు తెచ్చిన నల్ల గ్రానైటులో మిగిలిన ముక్క అది. నున్నగా, మొహం కనపడేలా ఉండేది. 'ఇదే స్థలమున' అని దాని మీద చెక్కించిన మాటలు నేను రాసిచ్చినవే.

మౌనం కాగానే భోజనం. దగ్గర్లో ఒక ప్లాట్ల వెంచరుంది, ఆ కంపెనీవాళ్ళు మా యాత్రికులకు ఉచితంగా అన్నం పెట్టేవారు. ఊరికే పెడతారా? తిన్నాక చేతులు తుడుచుకునే లోపల ప్లాట్ల కాగితం చేతిలో పెట్టేవారు. దుఃఖంలో ఉన్న మనిషి గట్టిగా కాదనలేడని వాళ్ళ మేనేజరు నాకొకసారి వివరించి చెప్పాడు. కళ్ళు తుడుచుకుంటూ తూర్పు ముఖం ప్లాటు ఏదని అడిగినవాళ్ళను నేను చూశాను.

అలా కొన్నేళ్ళు గడిచాయి. అబద్ధమని నాకు గుర్తు లేదని చెప్పను. గుర్తుండేది. కానీ రోజూ చెప్పే అబద్ధం రోజూ తొడుక్కునే చెప్పులాంటిది, ఎక్కడా కరవదు.

ఇక ఆ రోజు. సెప్టెంబరే. బస్సు నిండా జనం. భోజనాల దగ్గరికి నాయకుడు వస్తాడని ఓనరు కూడా వచ్చాడు. బస్సెక్కినవాళ్ళలో రావిర్యాల నుంచి వచ్చిన ఒక ముసలవ్వ ఉంది, ఎనభై దాటి ఉంటుంది. వెంట ఆమె మనవరాలు, దవాఖానలో నర్సు. అవ్వ ఒళ్ళో గుడ్డలో కట్టిన గిన్నె ఒకటి ఉంది. దాన్ని పైన సామాన్ల అరలో పెట్టమంటే ఒప్పుకోలేదు. గుళ్ళకు పోయేవాళ్ళు ప్రసాదం తెచ్చుకున్నట్టు ఏదో తెచ్చుకుందనుకున్నాను.

కల్లంలో నేను ఎప్పటిలాగే దగ్గి, ఎప్పటిలాగే చెయ్యి చాపాను. అందరూ ఏడ్చారు. అవ్వ ఏడవలేదు. మెడ చాపి అటూ ఇటూ చూస్తోంది. నేను చనిపోయినవాళ్ళ సంఖ్య చెప్పగానే మనవరాలి చెయ్యి వదిలించుకుని నా ముందుకు వచ్చింది.

"ఐదుగురే గద బిడ్డా" అంది.

"ఏంది అవ్వా?"

"బాయి కాడ సంపింది ఐదుగుర్ని. అండ్ల మా నాయిన ఒకడు. గంతమంది ఏడికెల్లి వచ్చిండ్రు? ఐదుగురు చాలరా మీకు?"

జనం నవ్వలేదు. ఓనరు మాత్రం, పెద్దావిడ కదా, మతిమరుపు అన్నట్టు తల ఊపాడు. నేను గొంతు మెత్తగా చేసి, అవ్వ కోసం ఒక కుర్చీ తెమ్మన్నాను. ఆమె కూర్చోలేదు.

"కూసునుడు తర్వాత. బాయి ఏదీ?"

ఇంతమంది వచ్చిపోయారు, బావి ఏదని ఎవరూ అడగలేదు. మోటబావి గట్టు మీద చంపారని మైకులో నేనే చెబుతాను. చుట్టూ చూస్తే ఎక్కడా బావి లేదు. అయినా ఒక్కరూ అడగలేదు.

"పూడ్చిండ్రు అవ్వా" అన్నాను. చాలా తేలిగ్గా వచ్చింది ఆ మాట.

"పూడ్చిండ్రా." ఆమె ఉన్నచోటే మెల్లగా చుట్టూ తిరిగి చూసింది. "మరి గుట్ట ఏది? బాయి కాడ నిలవడితే ఎదురుంగ బండ కనవడుతుండె, పండుకున్న ఎద్దు లెక్క. గుట్ట గూడ పూడ్చిండ్రా?"

మనవరాలు ఆమె భుజం మీద చెయ్యి వేసి, అసలు ఎందుకు వచ్చారో నాకు చెప్పడం మొదలుపెట్టింది. అవ్వ ఆపింది. తానే చెప్పింది.

"నేను గప్పుడు ఏడెనిమిదేండ్ల పోరిని. నాయినకు సద్ది పట్కపోతున్న. జొన్నగట్క, పచ్చిపులుసు. తొవ్వల ఉండంగనే తుపాకి మోత ఇనవడ్డది. జొన్నసేన్ల దాసుకున్న. పొద్దుగూకేదాక లెవ్వలే. ఆకలైంది బిడ్డా. నాయిన సద్ది నేనే తిన్న." గిన్నె మీద చెయ్యి పెట్టింది. "బాయి కాడికి మల్ల మా అమ్మ పోనియ్యలే. తెల్లారంగనే మమ్ముల తోల్కొని మేనమామోళ్ళ ఊరికి పోయింది. ఇగ నాకు ఎన్ని దినాలున్నయో ఎర్కలేదు. నాయిన సద్ది నాయినకు ఇచ్చిపోతనని వచ్చిన."

అప్పుడు కూడా నేను ఊరుకునేవాణ్ణేమో. నా సంగతి నాకు తెలుసు. కానీ అవ్వ ఇంకోసారి చుట్టూ చూసి, మనవరాలి వైపు తిరిగి చిన్న గొంతుతో అంది: "నేనే మర్సిపోయినట్టున్ననే. గుట్టా లేదు, బండా లేదు. గిన్నొద్దులు లేనిపోనిది యాదికి పెట్టుకున్ననేమో. సారుకు ఎర్కుంటది గదా, సదువుకున్నోడు. గీడనే పెడుదాం తియ్యి."

వంగి, గుడ్డ ముడి విప్పబోయింది.

తండ్రి గురించి ఆ మనిషికి మిగిలింది ఒక గుట్ట, ఒక బండ. డెబ్భై ఏళ్ళు పోగొట్టుకోకుండా దాచుకున్న ఆ రెండింటినీ, మా బస్సుకు రివర్సు గేరు పడదన్న కారణంతో నేను ఆమె చేతుల్లోంచి లాక్కుంటున్నాను. ఆమె తనను తానే నమ్మడం మానేసింది. నన్ను నమ్ముతోంది.

"ఆగు అవ్వా. ముడి ఇప్పకు" అన్నాను. "నువ్వు మర్సిపోలే. ఈడ కాదు. ఈడ ఏం జరగలే. గుట్ట అటు దిక్కు చెట్ల ఎన్కకున్నది. మా బస్సు అటు పోదని నేనే ఈడ జరిగిందని చెప్తున్న."

ఆమెకొక్కదానికే చెప్పాననుకున్నాను. మైకు ఆపడం మరిచాను. కల్లమంతా మారుమోగింది.

ఒక నిమిషం ఇంజను చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. మా యాత్ర మొత్తంలో నిజమైన మౌనం అదే. తర్వాత గోల మొదలైంది. "మా ఆవిడ ఇప్పుడే ఏడ్చిందండీ! మళ్ళీ అక్కడికెళ్ళి ఏడవాలా?" అని ఒక పెద్దమనిషి నా మీదికి వచ్చాడు. రాయి పక్కన ఫోటో దిగి అప్పటికే చుట్టాలందరికీ పంపేసిన ఒకామె, ఇప్పుడు వాళ్ళకు ఏం చెప్పాలని నన్ను నిలదీసింది. "మైకు ఆపండి! ముందు మైకు ఆపండి!" అని ఓనరు అరుస్తున్నాడు. అసలు చోటికి నడిచి వస్తారా అని అడిగాను. ఎంత దూరమన్నారు. కిలోమీటరు అన్నాను. ఎండ చూశారు, గడియారాలు చూశారు. భోజనం చల్లారిపోతుందని ఎవరో గుర్తు చేశారు. బస్సు అందరినీ ఎక్కించుకుని, కల్లం చుట్టూ తిరిగి అన్నానికి వెళ్ళిపోయింది. మెట్టు మీద నిలబడ్డ ఓనరు, "రేపు ఆఫీసుకు రానక్కర్లేదండి" అన్నాడు. ఉద్యోగం తీసేటప్పుడు కూడా అండి మరవలేదు మహానుభావుడు.

కల్లంలో అవ్వ, మనవరాలు, నేను మిగిలాం. అవ్వను అంత దూరం నడిపించడం ఎలాగా అని చూస్తుంటే, రోడ్డు మీద వెంచరువాళ్ళ జీపు ఆగింది. లోపల నీలం టీషర్టు వేసుకున్న అమ్మాయి, ప్లాట్లు చూపించే ఉద్యోగం. నన్ను గుర్తుపట్టింది.

"ఏడికి అంకుల్?"

"గా గుట్ట కిందికి."

"గది మా కొత్త వెంచరే. ఎక్కుండ్రి. కస్టమర్లేనా?"

"అవ్. అవ్వకు జాగ కావాలె" అన్నాను. అబద్ధం కాదు.

గుట్ట దాకా నేను రావడం అదే మొదటిసారి. ఎడ్లబండి దారి పోయి తారు రోడ్డు వచ్చింది. కమాను, పూలకుండీలు, వరసగా నంబర్ల రాళ్ళు. గుట్ట సగం తవ్వేశారు. మిగిలిన సగం మీద బండ ఉంది, దాని కడుపు మీద కంపెనీ పేరు ఎర్ర రంగుతో రాసి ఉంది. అవ్వ జీపులోంచే చెయ్యి చాపింది.

"అగో ఎద్దు! చెప్పిన్నా నేను? చెప్పిన్నా?"

చిన్నపిల్లలా మనవరాలి చెయ్యి గుంజింది. జీపు దిగి, బండను చూసుకుంటూ ఒక్కొక్క అడుగే వేసి, ఒక ప్లాటు మధ్యలో ఆగింది. కాళ్ళ కింద కొత్త మొరం. ఆ నేల కొంచెం కుంగి ఉంది.

"ఈడ పాత బాయి ఉండెనట, పూడ్చినం. జర కుంగుతదని ఈ ప్లాటు ఎవరు తీస్కుంటలేరు" అంది నీలం టీషర్టు అమ్మాయి.

"పూడుస్తుంటే ఎవరూ అడ్డం రాలేదా?" అన్నాను.

"గొర్లు కాసే తాత ఒకాయన వచ్చి మస్తు లొల్లి చేసిండు అంకుల్. మనుషుల్ని సంపిన జాగ, పూడ్వొద్దన్నడు. అధికారులు గూడ వచ్చిండ్రు. మా సారు మీ రాయి ఫోటో చూపెట్టిండు. 'ఇదే స్థలమున' అని రాసి ఉన్నది గదా, గైడు గూడ దినాం గాడనే చెప్తడు గదా అన్నడు. వాళ్ళు చదువుకొని పోయిండ్రు."

నేను ఆ కుంగిన నేల అంచున నిలబడిపోయాను. ఇన్నేళ్ళూ నా అబద్ధం ఎవరికీ నష్టం లేనిదనుకున్నాను. ఎక్కడ నిలబడి ఏడిస్తేనేం అనుకున్నాను. గొర్లు కాసే మనిషి ఒక్కడే నిజం పట్టుకుని జేసీబీకి అడ్డం నిలబడితే, అతని నోరు మూయించింది కంపెనీ కాదు, అధికారులు కాదు. నేను రాసిచ్చిన రెండు మాటలు. బతుకులో అంత సిగ్గు నాకు ఎప్పుడూ కలగలేదు.

అవ్వకు ఆ మాటలు వినపడ్డాయో లేదో. నేల మీద కూర్చుని ముడి విప్పింది. గిన్నెలో గట్క, చిన్న డబ్బాలో పచ్చిపులుసు. తెచ్చిన విస్తరాకు మొరం మీద పరిచి, ముద్ద పెట్టి, గుంట చేసి పులుసు పోసింది.

"నాయినా, సద్ది తెచ్చిన" అంది. "జర ఆలిశమైంది."

మనవరాలు మొహం తిప్పుకుని ఏడ్చింది. నీలం టీషర్టు అమ్మాయి జేబులో ఫోన్ మోగుతుంటే తీసి చూడకుండానే ఆపేసింది. అవ్వ తలెత్తి నా వైపు చూసింది.

"నువ్వు చెప్పెటోనివి గదా. గీడ చెప్పు. నాయిన ఇంటడు."

ఎన్ని వందలసార్లు చెప్పానో ఆ కథ. చేతిలో మైకు లేదు, దగ్గాలని తోచలేదు. "గీడ, ఈ బాయి కాడ, ఐదుగురు అమరులైనరు" అన్నాను.

"గా మాట వద్దు" అంది అవ్వ. "సంపిండ్రు. సంపిండ్రనే చెప్పు."

"సంపిండ్రు" అన్నాను.

"ఆఁ. ఇగ చెప్పు."

నీలం టీషర్టు అమ్మాయి చెప్పులు విడిచి, ఆ ప్లాటు హద్దు రాయి పక్కన కూర్చుంది. నేను మొదటి నుంచి మొదలుపెట్టాను.